పేపర్ మిల్లుకు కర్ర పెంచి అమ్మడం: జామాయిల్, సుబాబుల్, సరుగుడు రైతులకు సమగ్ర మార్గదర్శి

ఏ మొక్క వేయాలి, ఎంత ఎడం పెట్టాలి, ఎప్పుడు నరకాలి, కాటా దగ్గర నష్టపోకుండా ఎలా అమ్మాలి? ఈ ప్రశ్నలు రైతుల నుంచి పదే పదే వస్తున్నాయి. ఒక్కోదానికి విడిగా జవాబు చెబితే సగం విషయం మిగిలిపోతోంది. అందుకే భూమి చూసుకోవడం దగ్గర్నుంచి మోడు మీద రెండో పంట తీసుకునే దాకా వరుసగా రాస్తున్నాను.

మిల్లు మీకు డబ్బిచ్చేది కర్ర బరువుకు. కాబట్టి మొక్క కొనే రోజు నుంచే రెండు ప్రశ్నలు మనసులో ఉండాలి. ఇది కాటా మీద ఎంత తూగుతుంది? మిల్లు గేటు దగ్గర పేచీ లేకుండా దించుకుంటారా? చాలా తోటల్లో నష్టం నరికిన రోజున బయటపడుతుంది గానీ, దానికి కారణం నాటకముందు నెలలో చేసిన పనే.

1. మిల్లులో కర్రకు ఏం జరుగుతుంది

ఇది తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి.

కర్రను ముందు అంగుళం పొడవున్న చిన్న పెచ్చులుగా కొడతారు. ఆ పెచ్చులను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో 160 నుంచి 170 డిగ్రీల వేడి మీద, ఒత్తిడిలో ఉడకబెడతారు. కర్రలో నారను అతికించి ఉంచే లిగ్నిన్ అనే జిగురు పదార్థం కరిగిపోతుంది. మిగిలిన నారే గుజ్జు. ఎండు కర్ర బరువులో దాదాపు సగమే గుజ్జుగా మిగులుతుంది. దాన్ని కడిగి, తెల్లగా చేసి, కాగితం యంత్రం మీదికి పంపుతారు.

ఇక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి.

- తొక్కలో మంచి నార తక్కువ, మురికి ఎక్కువ. అది మందును తాగేస్తుంది, కాగితం మీద మచ్చలు పెడుతుంది.
- కాలిన కర్ర ఎంత ఉడికినా బొగ్గు కరగదు. తెల్ల కాగితం మీద నల్ల చుక్కగా తేలుతుంది.
- ప్లాస్టిక్ తాడు, గోనె పట్టా ముక్కలు కూడా కరగవు.
- ఇసుక, మట్టి పెచ్చులు కొట్టే కత్తులను మొద్దుబారుస్తాయి.
- పుచ్చిన కర్రలో నార అప్పటికే పాడై ఉంటుంది.
- మరీ సన్నటి కర్రలో తొక్క వాటా ఎక్కువ. అందుకే మిల్లులు కనీస చుట్టుకొలత పెడతాయి.

2. ముందు మిల్లు, తర్వాత మొక్క

తెలుగు రాష్ట్రాల్లో కర్ర కొనే పెద్ద మిల్లులు భద్రాచలం పక్కన సారపాకలో, రాజమహేంద్రవరంలో, కాగజ్‌నగర్‌లో ఉన్నాయి. ఉత్తరాంధ్ర రైతులకు ఒడిశాలోని రాయగడ వైపు మిల్లు కూడా అందుబాటులో ఉంటుంది. మీ పొలం నుంచి మిల్లు ఎంత దూరమో ముందు చూసుకోండి. కర్ర బరువైన సరుకు, టన్ను ధర తక్కువ. దూరం పెరిగేకొద్దీ లారీ కిరాయి మీ లాభంలోంచే పోతుంది.

మొక్క కొనకముందు మిల్లు వాళ్ల కొనుగోలు కేంద్రానికో, ఫీల్డ్ సిబ్బందికో ఫోన్ చేసి ఇవి అడిగి రాసుకోండి.

- ఈ మూడింటిలో ఏ కర్ర కొంటున్నారు?
- తొక్క తీసి తేవాలా, తొక్కతోనే తీసుకుంటారా? రెండిటికీ ధర తేడా ఎంత?
- ముక్క పొడవు ఎంత ఉండాలి? కనీస చుట్టుకొలత ఎంత?
- పచ్చి కర్ర బరువుకు ధరా, తేమ తగ్గించి లెక్క కడతారా?
- రవాణా ఎవరిది? లోడు చేసే కూలి ఎవరిది?
- డబ్బు ఎన్ని రోజులకు, ఎవరి ఖాతాలో పడుతుంది?

నాటేనాటి ధర చూసి ఎకరాలకెకరాలు వేసేయకండి. మీరు అమ్మేది మూడు నుంచి ఐదేళ్ల తర్వాత. సుబాబుల్, జామాయిల్ ధరలు పడిపోయి ప్రకాశం, కృష్ణా జిల్లాల రైతులు రోడ్డెక్కిన రోజులు అందరికీ గుర్తే. ఉన్న భూమంతా ఒకే ఏడాది పెట్టకుండా రెండు మూడు విడతలుగా వేస్తే ఒక ఏడు ధర లేకపోయినా ఇల్లు గడుస్తుంది.

3. భూమిని బట్టి చెట్టు

జామాయిల్: ఎర్ర నేలలు, గరప నేలలు, నీరు ఇంకిపోయే లోతైన నేలలు బాగా సరిపోతాయి. సున్నం ఎక్కువున్న నేలలో ఆకు పచ్చదనం పోయి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. అలాంటి చోట పెరుగుదల ఆశించొద్దు. నీరు నిలిచే మాగాణిలో అస్సలు వేయొద్దు.

సుబాబుల్: నల్లరేగడి, సున్నం ఉన్న నేలలు దీనికి ఇష్టం. పులుపు నేలల్లో కుంగిపోతుంది. ఇది పప్పుజాతి చెట్టు, నత్రజనిని తనే సమకూర్చుకుంటుంది. మేకలకు, పశువులకు దీని ఆకంటే ప్రాణం, కాబట్టి మొదటి ఏడాది కంచె లేకపోతే తోట మిగలదు. ఆకులో మైమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది. పశువుల మేతలో మూడో వంతు మించకుండా వేరే గడ్డితో కలిపే పెట్టండి.

సరుగుడు: సముద్రం ఒడ్డు ఇసుక నేలలకు దీన్ని మించింది లేదు. వేళ్ల మీద బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని అందిస్తుంది. లోపలి జిల్లాల్లో ఎర్ర గరప నేలల్లోనూ నీటి వసతి ఉంటే వస్తుంది. బరువు బంకమట్టిలో వద్దు.

వేసే ముందు మూడడుగుల లోతు గుంత ఒకటి తవ్వి చూడండి. అడుగున రాతి పొర గానీ, తెల్లటి సున్నపు గడ్డల పొర గానీ తగిలితే వేరు అక్కడే ఆగిపోతుంది. పైమట్టి చూసి మురిసిపోయిన తోటలు రెండో ఏటి నుంచి గిడసబారేది ఇందుకే. మట్టి పరీక్ష కూడా చేయించండి. ఉదజని సూచిక (పీహెచ్), సున్నం శాతం, ఉప్పు ఈ మూడూ చూడమని ప్రత్యేకంగా అడగండి.

4. మొక్కలు కొనడం

తోట భవిష్యత్తు సగం ఇక్కడే తేలిపోతుంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

విత్తనం నుంచి వచ్చిన జామాయిల్ మొక్కల్లో ఒకటి ఏనుగులా లావెక్కితే పక్కది కర్రపుల్లలా ఉంటుంది. క్లోన్ మొక్కలు మంచి చెట్టు కొమ్మ ముక్కను వేరు పోయించి తయారుచేసినవి. తల్లి చెట్టు గుణమే అన్నిటికీ వస్తుంది, తోటంతా ఒకే తీరున పెరుగుతుంది. నరికినప్పుడు కర్ర కూడా ఒకే సైజులో వస్తుంది. మొక్క ధర ఎక్కువే అయినా క్లోనే తీసుకోండి.

మోసం జరిగేదీ ఇక్కడే. పేరున్న క్లోన్ నంబర్ చెప్పి గింజ నారు అంటగట్టేవాళ్లున్నారు. మొక్కను ట్రే లోంచి మెల్లగా లాగి చూడండి. గింజ మొక్కకు కింద నిటారుగా ఒక తల్లివేరు ఉంటుంది. క్లోన్ మొక్కకు తల్లివేరు ఉండదు. కాండం తెగిన చోట నుంచి మూడు నాలుగు వేళ్లు పక్కలకు బయల్దేరి ఉంటాయి. కాండం అడుగున కత్తిరించిన గుర్తు, పైన పక్క మొగ్గ నుంచి కొత్త చిగురు లేచిన చిన్న వంపు కనిపిస్తాయి. పది మొక్కలు ఇలా చూస్తే విషయం తెలిసిపోతుంది.

మొక్కలు దించుకునే ముందు చూసుకోవాల్సినవి:

- ఎత్తు జానెడున్నర వరకు ఉండాలి. మరీ పొడుగ్గా, సన్నగా ఉంటే నీడలో సాగిన మొక్క.
- కాండం మొదలు ఆకుపచ్చ పోయి కాస్త గోధుమ రంగుకు తిరిగి ఉండాలి.
- వేళ్లు ట్రే అడుగున గుండ్రంగా చుట్టుకుని ఉండకూడదు. అలాంటి మొక్క నాటాక బతుకుతుంది గానీ, పెద్ద గాలికి మొదలంటా ఒరిగిపోతుంది.
- జామాయిల్ ఆకు ఈనెల మీద, కాడల మీద బుడిపెలు ఉంటే గాల్ కందిరీగ సోకినట్టు. ఆ లోడు తిప్పి పంపండి.
- కనీసం వారం రోజులు ఎండలో, తక్కువ నీటితో గట్టిపరిచిన మొక్కలేనా అని అడగండి.
- క్లోన్ నంబరు, మొక్కల సంఖ్య, తేదీతో బిల్లు తీసుకోండి.

మిల్లుల సొంత నర్సరీలు, అటవీ శాఖ వాళ్ల నర్సరీలు నమ్మకమైనవి. ఎండాకాలంలోనే బుక్ చేసుకోకపోతే వానలు పడ్డాక మిగిలింది ఏరుకోవాల్సి వస్తుంది.

పొలమంతా ఒకే క్లోన్ వేయొద్దని నా గట్టి అభిప్రాయం. దానికేదైనా పురుగు పట్టిందంటే తోట మొత్తం ఒకేసారి దెబ్బతింటుంది. రెండు మూడు క్లోన్లు తీసుకుని, ఒక్కోదాన్ని ఒక్కో మడిలో విడిగా వేయండి. ఒకే సాలులో కలిపి వేస్తే మాత్రం వేగంగా పెరిగేది పక్కదాన్ని తొక్కేస్తుంది.

సుబాబుల్‌కు గింజలే వాడుకలో ఉన్నాయి. గింజ పైపొర గట్టిది. పొంగు రాకముందు దించిన వేడి నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలోకి మార్చి రాత్రంతా నానబెట్టండి. తెల్లారి ఉబ్బిన గింజలే విత్తండి, ఉబ్బనివాటికి మళ్లీ అదే చేయండి.

5. నేల తయారీ, ఎడం

మే నెలలో, మొదటి వానకు ముందు, లోతు దుక్కి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చేయించండి. గరిక, తుంగ ఉంటే వేళ్లతో ఏరి పారేయండి. మొక్క నాటాక గడ్డితో పోరాడేకంటే ఇది చాలా చవక.

ఎకరానికి మొక్కల లెక్క ఇలా వస్తుంది.

- 3 మీటర్లు × 2 మీటర్లు: సుమారు 670
- 3 మీటర్లు × 1.5 మీటర్లు: సుమారు 900
- 1.5 మీటర్లు × 1.5 మీటర్లు: సుమారు 1,800
- 1 మీటరు × 1 మీటరు: సుమారు 4,000

జామాయిల్ క్లోన్లకు మొదటి రెండూ బాగుంటాయి. సాళ్ల మధ్య మూడు మీటర్లుంటే చిన్న ట్రాక్టర్ తిరుగుతుంది, కలుపు కూలి మిగులుతుంది. సరుగుడుకు మూడో లెక్క మంచిది. నాలుగోది పందిరి గుంజలకు, సెంట్రింగ్ కర్రకు పనికొస్తుంది గానీ మిల్లుకు సన్నపడుతుంది. సుబాబుల్‌కు సాళ్ల మధ్య మూడు మీటర్లు, సాలులో మీటరు చొప్పున పెట్టండి.

దగ్గరగా వేస్తే టన్నులు ఎక్కువ వస్తాయనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చెట్లు ఎక్కువైతాయి, కానీ ఒక్కోటి సన్నగా మిగులుతుంది. కనీస చుట్టుకొలత దాటని కర్ర వంటచెరుకు ధరకు పోతుంది. పైగా సన్న కర్రకు నరికే కూలి, తొక్క తీసే కూలి టన్నుకు ఎక్కువ పడతాయి.

పక్క రైతు గట్టు నుంచి కనీసం రెండు మూడు మీటర్లు వదలండి. గట్టు వెంట రెండు మూడు అడుగుల లోతు కాలువ తీస్తే వేళ్లు అవతలి పొలంలోకి పోవు. జామాయిల్ నీడకు, వేళ్లకు పక్క పొలంలో మిరప ఎండిందని ఊళ్లలో ఎన్ని తగాదాలు నడుస్తున్నాయో మీకు తెలుసు. తాగునీటి బావి పక్కన కూడా జామాయిల్ వద్దు. కరెంటు తీగల కింద సాళ్లు వేయకండి. పెరిగాక ఆ చెట్లు నరకడం ప్రాణాల మీదికి వస్తుంది.

6. నాటే రోజు పనుల వరుస

తెలంగాణలో, గోదావరి జిల్లాల్లో జూలై, ఆగస్టు మంచివి. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు నమ్ముకుని అక్టోబర్, నవంబర్‌లో నాటుతారు. ఏదైనా సరే, మంచి వాన పడి అడుగు లోతు తడి దిగాకే మొదలుపెట్టండి.

1) అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంతలు ముందే తీసి ఉంచండి.
2) పైమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి సగం పూడ్చండి. పచ్చి పేడ వేస్తే చెదలకు విందు పెట్టినట్టే.
3) మొక్కల ట్రేలను నీళ్లలో కాసేపు ముంచి తీయండి.
4) పాలిథిన్ సంచి ఉంటే పూర్తిగా తీసేయండి. అడుగు కోసి వదిలేయడం చాలదు.
5) కాండం మొదలు నేల మట్టానికి రావాలి. లోతుగా పాతితే కుళ్లుతుంది, పైకి ఉంటే వేరు ఎండుతుంది.
6) చుట్టూ మట్టిని పాదంతో గట్టిగా అదమండి. లోపల గాలి మిగిలితే మొక్క రెండు వారాల్లో వాడుతుంది.
7) వాన లేకపోతే వెంటనే నీళ్లు పోయండి.

సరుగుడు మొక్కలను నర్సరీలోనే ఫ్రాంకియా ఇచ్చి పెంచారో లేదో అడగండి. ఇవ్వకపోతే పాత సరుగుడు తోట చెట్టు కింద మట్టి తెచ్చి గుంతలో గుప్పెడు వేయండి. కొత్త నేలలో ఆ సూక్ష్మజీవి ఉండకపోవచ్చు.

7. మొదటి ఏడాది

చచ్చిన మొక్కల స్థానంలో కొత్తవి నెల, నెలన్నర లోపే వేసేయాలి. అందుకోసం మొదటే వందకు పది మొక్కలు ఎక్కువ తెచ్చి ఇంటి దగ్గర ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత వేసిన మొక్క పక్క చెట్ల నీడలో ఎప్పటికీ ఎదగదు, ఆ ఖర్చు దండగ.

మొదటి ఏడాది గడ్డిని దగ్గరికి రానివ్వకపోతే ఆ తర్వాత చెట్టే గడ్డిని అణిచేస్తుంది. మొక్క చుట్టూ మూడడుగుల మేర చేత్తో తీయించండి, సాళ్ల మధ్య గుంటక తోలండి. మొక్క మొదట్లో గొర్రు తగిలి తొక్క లేచిందంటే అక్కడి నుంచే చెదలు ఎక్కుతాయి.

సాళ్ల మధ్య మొదటి ఏడాది పెసర, మినుము, వేరుశనగ వేసుకోవచ్చు. మొక్కకు రెండడుగుల దూరం వదలండి. చెట్టుకు చుట్టుకునే తీగ పంటలు, మొక్కను కమ్మేసే ఎత్తు పంటలు వద్దు.

మొదటి మూడు నెలల్లో కనిపించే ఇబ్బందులు, వాటికి చేయాల్సినవి:

- మొక్క ఉన్నట్టుండి వాడి, లాగితే చేతికొచ్చింది: చెదలు. చుట్టూ మట్టి తవ్వి చూడండి, పుట్టలుంటే రాణిని దొరకబుచ్చుకునేదాకా తవ్వించండి. మందు అవసరమైతే ప్రస్తుతం అనుమతి ఉన్నదేదో వ్యవసాయ అధికారిని అడిగే వాడండి.
- జామాయిల్ చిగుళ్లు ఎండి గుబురుగా పక్క కొమ్మలు వస్తున్నాయి: బోరాన్ లోపం కావచ్చు. మట్టి, ఆకు పరీక్ష తర్వాతే వేయండి. బోరాన్ ఎక్కువైతే అదే విషం.
- సుబాబుల్ చిగుళ్ల మీద పసుపు పచ్చటి చిన్న పురుగులు, జిగురు: సిల్లిడ్. వానలు పడ్డాక చాలావరకు దానంతటదే తగ్గుతుంది, చిగుళ్లు మళ్లీ వస్తాయి. టెన్షన్ పడి మందుల షాపుకు పరుగెత్తకండి.

8. రెండో ఏడాది నుంచి

సరుగుడులో ఏడాది దాటాక కింది మూడో వంతు పక్క కొమ్మలు కత్తితో కాండానికి దగ్గరగా కోయించండి. కర్ర ముడులు లేకుండా నిటారుగా వస్తుంది. సగానికి పైన కోస్తే ఆకు తగ్గి చెట్టు సన్నపడుతుంది. చేత్తో విరవనివ్వకండి. తొక్క చీలితే తెగుళ్లకు దారి ఇచ్చినట్టే. జామాయిల్ తన కింది కొమ్మలను తనే రాల్చుకుంటుంది.

సరుగుడు తొక్క మీద బొబ్బలు లేచి, గిల్లితే నల్లటి మసి పొడి రాలుతుంటే అది బొబ్బ తెగులు. చెట్టు బతకదు. వేరుతో సహా పీకి తగలబెట్టి, ఆ చుట్టూ కాలువ తీసి పక్క చెట్ల వేళ్లకు తగలకుండా చేయండి.

నిప్పు భయం ఫిబ్రవరి నుంచి మొదలు. రాలిన జామాయిల్ ఆకు, సరుగుడు పుల్లాకు అగ్గిపుల్ల తగిలితే చాలు. సంక్రాంతి దాటగానే తోట చుట్టూ పదడుగుల మేర దున్ని ఆకు లేకుండా చేయండి. పక్క పొలంలో వరి కొయ్యలు, మిరప మోళ్లు కాల్చే రైతుకు ముందే చెప్పి ఉంచండి. మంట సోకిన తోటలో చెట్లు బతికినా, మాడిన తొక్క కింద కర్ర నల్లబడిందేమో చూసి, నల్లబడ్డ ముక్కలు విడిగా వేయాల్సిందే.

9. నరకముందు ఎన్ని టన్నులుందో లెక్క

బేరానికి కూర్చునే ముందు మీ చేతిలో ఈ లెక్క లేకపోతే ఎదుటివాడు చెప్పిందే లెక్క.

గట్టు మీద నిలబడి చూసి అంచనా వేయొద్దు. గట్టు పక్క సాళ్లకు వెలుతురు ఎక్కువ తగులుతుంది, అక్కడి చెట్లు ఎప్పుడూ లావుగానే ఉంటాయి. తోట నడిమిలోకి వెళ్లండి.

1) ప్రతి పదో సాలు నడిచి, బతికిన చెట్లు లెక్కపెట్టి, ఎకరానికి సంఖ్య తేల్చండి.
2) ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర, టేపుతో చుట్టుకొలత తీయండి. సన్నం, మధ్యస్థం, లావు అని మూడు రకాలుగా విడగొట్టండి.
3) ఒక్కో రకంలో మూడేసి చెట్లు నరికించి, తొక్క తీయించి, మిల్లు అడిగే కనీస చుట్టుకొలత వరకే ముక్కలు చేసి తూకం వేయండి.
4) రకం వారీగా సగటు బరువును చెట్ల సంఖ్యతో హెచ్చించి కలపండి.

ఉదాహరణకు ఎకరంలో 780 చెట్లున్నాయనుకుందాం. సన్నవి 200, ఒక్కోటి 18 కిలోలు. మధ్యస్థం 430, ఒక్కోటి 42 కిలోలు. లావు 150, ఒక్కోటి 75 కిలోలు. 3,600, 18,060, 11,250 కలిపితే 32,910 కిలోలు. అంటే దాదాపు 33 టన్నులు.

ఇప్పుడు దళారి గంపగుత్తగా ఎకరానికి ఇంత అంటే, దాన్ని 33తో భాగించి చూడండి. మిల్లు ధరలోంచి నరికే కూలి, తొక్క కూలి, లోడు, కిరాయి తీసేయగా మిగిలేదానితో పోల్చండి. తేడా కొద్దిగానే ఉంటే, మీకు కూలీల ముఠాను పట్టుకునే ఓపిక లేకపోతే, గంపగుత్త తప్పేం కాదు. తేడా ఎక్కువుంటే మాత్రం టన్ను లెక్కకే అమ్మండి. గంపగుత్తలోనూ మోడు ఎంత ఎత్తులో కొట్టాలో, ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలో కాగితం మీద రాయించుకోండి. ఇది రాయించుకోని చోట మోకాలెత్తు మోళ్లు మిగిల్చి పోతారు.

జామాయిల్ క్లోన్లు నాలుగైదేళ్లకు, సుబాబుల్, సరుగుడు మూడు నాలుగేళ్లకు నరికే స్థితికి వస్తాయి. ధర బాగా లేకపోతే ఇంకో ఏడాది ఆగొచ్చు. చెట్టు ఎదుగుతూనే ఉంటుంది, పంట పాడైపోయేది లేదు. ఇతర పంటలకు లేని ఈ వెసులుబాటును వాడుకోండి. తుపానుకు విరిగిన చెట్లు మాత్రం ఆగవు. విరిగిన చోట బూజు, పుచ్చు మొదలవకముందే తీసేయాలి.

10. నరకడం, తొక్క తీయడం

లారీ, కూలీలు, మిల్లు అనుమతి మూడూ కుదిరాకే మొదటి గొడ్డలి వేటు పడాలి. ఈ వరుస తప్పితే వచ్చే నష్టం లెక్కలో చూడండి.

పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీరే. నూరు కిలోల కర్రలో 50 కిలోలు నీరనుకుందాం. ఎండకు ఆరి నీటి వాటా 40 శాతానికి దిగితే ఆ కర్ర 83 కిలోలే తూగుతుంది. పచ్చి బరువుకు ధర కట్టే చోట ప్రతి ఆరు టన్నులకు ఒక టన్ను గాలిలో కలిసిపోయినట్టే. కాబట్టి రేపు ఎంత లోడు వెళ్తుందో అంతే ఈరోజు నరకండి.

తొక్క కూడా పచ్చిగా ఉన్నప్పుడే తేలిగ్గా వస్తుంది. నరికిన రోజునే కాండం పొడవునా చీరి లాగితే పట్టీలుగా ఊడొస్తుంది. రెండు మూడు రోజులు ఆగితే కర్రకు అతుక్కుని, కత్తితో చెక్కాల్సి వస్తుంది. అప్పుడు కూలి పెరుగుతుంది, తొక్కతో పాటు మంచి కర్ర కూడా పోతుంది. తొక్క తీసే ముఠా నరికే ముఠా వెనకే నడవాలి.

కూలీలకు ముందే చెప్పాల్సినవి:

- ముక్కలన్నీ మిల్లు చెప్పిన పొడవుకే కొట్టాలి. కొలత కర్ర ఒకటి చేతికివ్వండి.
- కొమ్మల మొదళ్లు కాండానికి సమంగా చెక్కాలి.
- తొక్క తీసిన కర్రను మట్టి మీద ఈడ్చొద్దు. కింద రెండు అడ్డ కర్రలు వేసి వాటి మీద పేర్చాలి.
- కట్టలకు ప్లాస్టిక్ తాడు వాడొద్దు. జామాయిల్ తొక్క పట్టీనే తాడులా వాడొచ్చు.
- తోటలో చుట్ట, బీడీ, పొయ్యి వద్దు.
- తొక్క, రెమ్మలు మోళ్ల మీద పోయొద్దు, అక్కడ కాల్చొద్దు.

తొక్క, ఆకు పొలంలోనే సాళ్ల మధ్య పరిచి కుళ్లనిస్తే నేలకు తిరిగి బలం చేరుతుంది. ప్రతి నరుకుడుకూ టన్నుల కొద్దీ కర్రతో నేల సారం కూడా లారీ ఎక్కుతోంది. దీన్నైనా మిగుల్చుకోవాలి.

11. లోడు, కాటా, డబ్బు

కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి: పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణీ నకలు, ఆధార్, బ్యాంకు పాసుబుక్. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) తోట నమోదై ఉందో చూసుకోండి. కర్ర రవాణాకు మీ జిల్లాలో ఏ అనుమతి కావాలో, ముఖ్యంగా రాష్ట్రం దాటించాల్సి వస్తే, అటవీ రేంజి కార్యాలయంలో అడగండి. లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగిందంటే కర్ర ఆరిపోవడమే కాదు, హాల్టింగ్ చార్జీ కూడా మీదే.

కాటా దగ్గర:

- లోడు వేయకముందే ఖాళీ లారీ బరువు మీ ఎదురుగా తూయించండి. పాత చీటీలోని బరువు ఒప్పుకోకండి.
- కాటా మీద ఏమీ లేనప్పుడు సున్నా చూపుతోందా?
- చక్రాలన్నీ పూర్తిగా కాటా మీదికి ఎక్కాయా?
- ఖాళీ తూకంలో డ్రైవర్, క్లీనర్ లారీలో ఉంటే లోడు తూకంలోనూ ఉండాలి. రెండుసార్లూ ఒకేలా జరగాలి.
- వీలైతే దారిలో వేరే వేబ్రిడ్జి మీద ఒకసారి తూయించి చీటీ పెట్టుకోండి.
- లారీ నంబర్, తేదీ, సమయం, మూడు బరువులు (ఖాళీ లారీ, లోడుతో, నికరం) ఉన్న చీటీ ఫొటో తీసుకోండి.

తేమకో, తొక్కకో కోత పెడితే ఎంత శాతం, ఏ నిబంధన కింద అని రాసివ్వమనండి. డబ్బు మీ పేరున్న ఖాతాలోనే పడాలి. దళారి పేరు మీద లోడు వెళ్తే, డబ్బు ఆలస్యమైనప్పుడు మిల్లు ముందు నిలబడి అడిగే హక్కు మీకుండదు.

12. మోడు మీద రెండో పంట

జామాయిల్, సుబాబుల్ మోడు నుంచి మళ్లీ చిగురిస్తాయి. మామూలు సరుగుడును నమ్ముకోవద్దు, దానికి కొత్త మొక్కలే నాటాలి.

మోడు నేల నుంచి జానెడు లోపు ఎత్తులో, పైభాగం కొద్దిగా ఏటవాలుగా, వాన నీరు జారిపోయేలా కోయాలి. రంపం అయితే మేలు. గొడ్డలితో అయితే తొక్క చీలకుండా రెండు వైపుల నుంచి కొట్టాలి. చిగురు వచ్చేది తొక్క కింది నుంచే, మోడు తొక్క చీరుకుపోతే ఆ చెట్టు పోయినట్టే. నడి ఎండాకాలంలో నరికితే మోళ్లు ఎక్కువగా ఎండిపోతాయి.

ఒక్కో మోడుకు పది పదిహేను పిలకలు లేస్తాయి. అన్నీ ఉంచితే అన్నీ పుల్లలే. ఆరు నెలలు దాటి పిలకలు గట్టిపడ్డాక, కిందికి అంటుకుని బలంగా ఉన్నవి ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేయండి. గాలి వచ్చే దిక్కున ఉన్న పిలక మోడును పట్టుకుని నిలబడుతుంది, దాన్ని ఉంచండి. పక్క మోడు చచ్చిన చోట రెండు, మిగతా చోట్ల ఒకటి అనే లెక్క బాగా పనిచేస్తుంది. తీసేసిన చోట మళ్లీ చిగుళ్లు వస్తే ఇంకోసారి తీయించాలి.

రెండో పంటకు మొక్కల ఖర్చు, దుక్కి ఖర్చు ఉండవు. వేళ్లు అప్పటికే లోతుగా ఉంటాయి కాబట్టి మొదట్లో పెరుగుదల కూడా వేగం. మూడో పంట నాటికి చచ్చిన మోళ్ల ఖాళీలు పెరిగి దిగుబడి తగ్గుతుంది. బతికిన మోళ్లు నూటికి డెబ్బైకి తగ్గాయంటే పిలకలతో లాగకుండా తోట తీసేసి కొత్త క్లోన్ వేయడమే నయం.

మోళ్లు పెకలించడానికి జేసీబీ గంటల లెక్కన తీసుకుంటుంది, నల్లరేగడిలో మరీ ఎక్కువ సమయం పడుతుంది. వాన పడి నేల మెత్తబడి, బండి దిగబడనంత ఆరాక పెట్టుకుంటే గంటలు తగ్గుతాయి. ఈ ఖర్చును చివరి నరుకుడు డబ్బులోంచి ముందే పక్కన పెట్టండి. సుబాబుల్ అయితే రాలిన గింజలు ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయి, ఆ మొలకలను చిన్నగా ఉన్నప్పుడే దున్నించేయండి.